ఆయిల్ ప్రెషర్ పడిపోతోందా? స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లు వరుసగా చూసుకోవాల్సినవి

డ్యాష్‌బోర్డు మీద నూనె డబ్బా గుర్తు ఎర్రగా వెలిగితే ముందు ఇంజిన్ ఆపండి. ఇది తర్వాత చదవచ్చు. ఇల్లు ఇంకా రెండు కిలోమీటర్లే, మెల్లగా పోనిద్దాం అనుకోవద్దు. చాలా కార్లలో ఆ లైటు వెలిగేది ప్రెషర్ సుమారు 0.3 నుంచి 0.5 బార్‌కు పడిపోయాకే. ఐడిలింగ్‌లో ఆ మాత్రంతో ఇంజిన్ కాసేపు నెట్టుకొస్తుందేమో గానీ, పరుగు మీద ఉన్న ఇంజిన్‌కు అది ఏ మూలకూ చాలదు. 7000 ఆర్‌పీఎం (నిమిషానికి 7000 చుట్లు) దగ్గర క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇంజిన్ ఇరుసు, సెకనుకు దాదాపు 117 సార్లు తిరుగుతుంది. ఆయిల్ అందని ఒక్కొక్క సెకనూ అన్నిసార్లు ఇనుము ఇనుమును రాసుకున్నట్టే.

ఆపడానికీ ఒక పద్ధతి ఉంది. యాక్సిలరేటర్ వదిలి క్లచ్ నొక్కండి. ఆటోమేటిక్ అయితే న్యూట్రల్‌లో వేయండి. ఇండికేటర్ వేసి, ఉన్న ఊపుతోనే బండిని పక్కకు రానివ్వండి. మన గోదావరి డెల్టాలో సగం రోడ్లు కాలువ గట్లే. ఒక పక్క నీళ్లు, చాలాచోట్ల రెయిలింగ్ కూడా ఉండదు. రాత్రిపూట కంగారులో కాలువ వైపు అంచుకు తిప్పకండి, కాస్త వెడల్పున్న చోటు దాకా దొర్లించండి. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు ఒకటి రెండుసార్లు మెత్తగా పడి తర్వాత గట్టిపడుతుంది. అందుకని బండి దాదాపు నిలిచాక ఇంజిన్ ఆపండి. కీ తీసే బండి అయితే పూర్తిగా ఆగేదాకా కీ బయటికి లాగకండి, స్టీరింగ్ లాక్ పడుతుంది.

పసుపు రంగులో వచ్చే ఆయిల్ గుర్తు వేరు. అది సాధారణంగా మట్టం తగ్గిందని చెబుతుంది. దానికి దగ్గర్లో ఆగి ఆయిల్ పోస్తే సరిపోతుంది. ఎరుపు మాత్రం ప్రెషర్‌కు. ఈ రెంటినీ కలిపేసుకున్నవాళ్లు ఎర్రలైటుకు కూడా ఒక లీటరు ఆయిల్ పోసి, లైటు ఆరిపోకపోయినా బయల్దేరుతారు. ఇంజిన్లు ఎక్కువగా పోయేది ఆ ప్రయాణాల్లోనే అని నా నమ్మకం.

ప్రెషర్ అంటే ఏమిటి

డెల్టాలో పుట్టినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి ఇక్కడి రైతుకు హెడ్డు దగ్గర ఎంత నీరు వదిలారన్న దానికన్నా, శివారుకు ఎంత అందిందన్నదే ముఖ్యం. ఇంజిన్‌లో కూడా అంతే. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి లాంటి చాంబర్‌లోంచి సక్షన్ జాలీ ద్వారా పంపు ఆయిల్‌ను లాగుతుంది. ఫిల్టర్ దాటి, బ్లాక్‌లోని సన్నటి దారుల గుండా మెయిన్ బేరింగులకు, అక్కడి నుంచి క్రాంక్ లోపలి రంధ్రాల్లోంచి పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కాన్‌రాడ్ల బేరింగులకు, మరో దారిలో పైన వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌కు వెళ్తుంది. కాన్‌రాడ్ బేరింగులు, క్యామ్‌షాఫ్ట్ శివారు భూములు. తేడా వస్తే ముందు ఎండేది అవే.

పంపు చేసేది ఆయిల్‌ను తోయడం మాత్రమే. ఆ ఆయిల్ బేరింగుల సన్నటి సందుల్లోంచి బయటపడటానికి పడే ఇబ్బందే ప్రెషర్. కొత్త ఇంజిన్‌లో ఆ సందు సుమారు 0.03 నుంచి 0.06 మిల్లీమీటర్లు ఉంటుంది, తల వెంట్రుక మందం కన్నా తక్కువ. బేరింగ్ అరిగి సందు రెట్టింపు అయితే దానిలోంచి జారిపోయే ఆయిల్ రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. కాలువకు మధ్యలో గండి పడితే శివారుకు నీరెలా చేరదో, ఒక్క మెయిన్ బేరింగ్ అరిగితే తర్వాతి వాటికి ఆయిల్ అలాగే చేరదు.

ప్రెషర్ తగ్గడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. పంపుకు సరిపడా ఆయిల్ అందకపోవడం, ఆయిల్ మరీ పలచబడటం, పంపు తోసింది మధ్యలోనే జారిపోవడం. కింద చెప్పే ప్రతి పరీక్షా ఈ మూడింటిలో ఏదో తేల్చడానికే.

ఎంత ఉండాలి

మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకే అసలైన ప్రమాణం. అది దొరకనప్పుడు పాత మెకానిక్కులు చెప్పే లెక్క ఒకటుంది: ఇంజిన్ బాగా వేడెక్కాక ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్‌ఐ. ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ. ఆ లెక్కన 3000 దగ్గర 2 బార్ చుట్టుపక్కల ఉంటే మామూలు బండికి ఫర్వాలేదు.

పొద్దున్న స్టార్ట్ చేయగానే 4 బార్ చూపించిన గేజి, మే నెల మధ్యాహ్నం రైల్వే గేటు దగ్గర ఏసీ వేసుకుని నిలబడితే ఒక బార్‌కు దిగడం చాలా బళ్లలో సహజం. 5డబ్ల్యూ-30 ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఉన్న చిక్కదనంలో 100 డిగ్రీలకు వచ్చేసరికి సుమారు ఆరో వంతే మిగులుతుంది. కాబట్టి ఈ రోజు ఎంత చూపించిందన్న దానికన్నా, అదే వేడిలో, అదే ఆర్‌పీఎం దగ్గర పోయిన నెల ఎంత చూపించిందన్నది ముఖ్యం. నీళ్ల టెంపరేచర్ ముల్లు మధ్యకొచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు. నీళ్ల కన్నా ఆయిల్ చాలా ఆలస్యంగా వేడెక్కుతుంది. 20 నుంచి 30 నిమిషాలు నడిపాక చూసిన అంకెనే రాసుకోండి.

కొత్త స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి అవసరాన్ని బట్టి ప్రెషర్‌ను తనే తగ్గించుకునే పంపు ఉంటుంది. హైవే మీద 80లో తాపీగా పోతుంటే 1.5 నుంచి 2 బార్ చూపించి, గట్టిగా తొక్కగానే ఒక్కసారిగా పైకి లేస్తుంది. అది లోపం కాదు, ఇంధనం మిగలడానికి కంపెనీ పెట్టిన ఏర్పాటు. ముల్లు కదలకపోవడాన్ని కూడా అనుమానించాలి. మాజ్డా మియాటా అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులో మొదట్లో నిజమైన గేజి ఉండేది. 1995 మోడల్ నుంచి గేజి బొమ్మ అలాగే ఉంచి, వెనక ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టారు. ప్రెషర్ కనీస మాత్రం ఉంటే చాలు, ముల్లు మధ్యలో నిలబడుతుంది. మీ ముల్లు ఐడిలింగ్‌లోనూ రేస్ చేసినా ఒకే చోట ఉంటే, దాన్ని గేజిగా నమ్మకండి, లైటుతో సమానంగానే చూడండి.

ముందు చేత్తో చూసుకోవాల్సినవి

బండి సమతలంగా ఉన్న చోట నిలిపి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగి, ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్ తీయండి. గట్టు వాలులో నిలిపి చూస్తే లెక్క తప్పుతుంది. చాలా కార్లలో కింది గీతకూ పై గీతకూ తేడా సుమారు ఒక లీటరు. కొన్ని పోర్షేల్లో, బీఎండబ్ల్యూల్లో డిప్‌స్టిక్కే ఉండదు, స్క్రీన్ మీద కొలవాలి. దానికి ఇంజిన్ ఏ వేడిలో ఉండాలో, ఆన్‌లో ఉండాలో ఆఫ్‌లో ఉండాలో మాన్యువల్‌లో చూసి అలాగే చేయండి.

మట్టం తక్కువైతే సగం జవాబు దొరికినట్టే. ఎక్కువైనా ప్రమాదమే. క్రాంక్ వెళ్లి ఆయిల్‌ను చిలికితే నురగ అవుతుంది, నురగను పంపు తోయలేదు. పోయకుండానే మట్టం పెరిగిందంటే వాసన చూడండి. పెట్రోల్ వాసన కొడితే ఆయిల్‌లో పెట్రోల్ కలుస్తోంది. భీమవరం, అమలాపురం లాంటి ఊళ్లలో టౌనులోపలే పది నిమిషాలు తిప్పి ఆపేసే బళ్లకు, అందులోనూ డైరెక్ట్ ఇంజెక్షన్ ఉన్న టర్బో బళ్లకు ఇది జరుగుతుంటుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కితే గానీ ఆ పెట్రోల్ ఆవిరైపోదు. వారానికోసారైనా హైవే మీద అరగంట నడపండి, ఆయిల్‌ను గడువు కన్నా ముందే మార్పించండి.

ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. వరదలప్పుడు కాజ్‌వే మీద నీళ్లలోంచి పోయిన బండి అయినా, లోపల గాస్కెట్ పోయిన బండి అయినా ఈ రంగు వస్తుంది. అప్పుడు స్టార్టర్ తిప్పనే వద్దు.

తర్వాత బండి కింద పడుకుని చాంబర్ చూడండి. ఈ ఒక్క సంగతి మీద నేను కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నాకు జరిగింది ఇదే.

నాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న రెండు సీట్ల కారు. ఒకరోజు నరసాపురం నుంచి పాలకొల్లు వస్తూ ఒక ఊరి మధ్యలో స్పీడ్ బ్రేకర్ దాటాను. కింద ‘ధడ్’ మని ఒక చప్పుడైంది. ఆగి చూశాను, ఆయిల్ కారడం లేదు. సరేనని బయల్దేరాను. ఐడిలింగ్‌లో ప్రెషర్ ఎప్పటిలాగే ఉంది. ఖాళీ రోడ్డు మీద 4500 దాటించగానే ముల్లు పైకి వెళ్లాల్సింది కిందికి దిగింది, ఎర్రలైటు ఒక్క క్షణం మెరిసింది. వెంటనే న్యూట్రల్ చేసి ఆపేశాను. డిప్‌స్టిక్ చూస్తే మట్టం నిండుగా ఉంది. ఫోన్‌లో ఒక వర్క్‌షాపు వాళ్లు సెన్సర్ పోయి ఉంటుంది, నడుపుకుంటూ వచ్చేయమన్నారు.

మనసొప్పక మా చెరువుల దగ్గర డీజిల్ ఇంజిన్లు బాగుచేసే పెద్దాయనకు ఫోన్ చేశాను. “ఏం బాబూ, చాంబర్‌కి ఏమైనా తగిలిందాండి?” అన్నారు. తగిలిందన్నాను. “మరింకేంటండి, లోపల జాలీకి రేకు అడ్డం పడుంటది. స్టార్ట్ చేయకండి. బండి ఎక్కించుకుని వచ్చేయండి” అన్నారు. ర్యాంప్ ఎక్కించి చాంబర్ దింపితే సరిగ్గా అదే. అడుగు రేకు లోపలికి నొక్కుకుపోయి సక్షన్ జాలీకి దాదాపు ఆనుకుని ఉంది. తూముకు గుర్రపుడెక్క అడ్డం పడ్డట్టు. ఐడిలింగ్‌లో పంపు అడిగేది కొంచెమే కాబట్టి ఆ సందులోంచి సరిపోతోంది. ఆర్‌పీఎం పెరిగి ఎక్కువ అడిగేసరికి అందడం లేదు. చాంబర్ మార్చాం, జాలీ శుభ్రం చేశాం, ఒక బేరింగ్ విప్పి చూసుకున్నాం, గీత కూడా లేదు. ఆ వర్క్‌షాపు మాట విని పాలకొల్లు దాకా నడిపి ఉంటే నా ఇంజిన్ ఉండేది కాదు.

అందుకే, చాంబర్ మీద కొత్త సొట్ట కనిపిస్తే ఆయిల్ కారకపోయినా దాన్ని చిన్నదిగా తీసిపారేయకండి. ఎత్తు తక్కువ బళ్లకు మన స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఈ గండం ఎప్పుడూ ఉంటుంది. దాటేటప్పుడు వీలైతే ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా దాటించండి.

ఎప్పుడు పడిపోతోంది?

చేత్తో చూసింది అయ్యాక, ప్రెషర్ ఏ సమయంలో పడుతోందో గుర్తు తెచ్చుకోండి. మెకానిక్‌కు ఇంతకన్నా పనికొచ్చే మాట మీరు చెప్పలేరు.

వేడెక్కాక ఐడిలింగ్‌లో తక్కువ, రేస్ చేస్తే మళ్లీ బాగుంటే, బేరింగులో పంపో అరిగి ఉండాలి, లేదా ఆయిల్ పలచబడి ఉండాలి. నా బండిలాగా ఐడిలింగ్‌లో బాగుండి ఆర్‌పీఎం పెరిగినప్పుడు పడితే పంపుకు ఆయిల్ అందడం లేదు: సొట్ట, మడ్డి పట్టిన జాలీ, చాంబర్ బిగించేటప్పుడు ఎక్కువ పూసిన సీలెంట్ ముక్కలు ఊడి జాలీకి అడ్డం పడటం. పొడవాటి మలుపులో వేగంగా తిరిగినప్పుడో గట్టిగా బ్రేకు కొట్టినప్పుడో మాత్రమే పడితే, ఆయిల్ చాంబర్‌లో ఒక పక్కకు ఒరిగిపోయి జాలీ గాలి పీలుస్తోంది. మట్టం పై గీత దాకా ఉంచితే రోడ్డు మీద నడిపే బండికి చాలావరకు సరిపోతుంది. ట్రాక్ మీదికి తీసుకెళ్లేవాళ్లు చాంబర్‌లో అడ్డుగోడలు వేయించుకోవాలి. ఈ బాధ లేకుండా చేయడానికే కొన్ని కార్లలో ఆయిల్‌ను వేరే ట్యాంకులో నిల్వ చేసే డ్రై సంప్ పద్ధతి పెట్టారు.

అన్ని ఆర్‌పీఎంల దగ్గరా సమానంగా తక్కువగా ఉంటే రిలీఫ్ వాల్వ్‌ను అనుమానించండి. కాలువలో నీరెక్కువైతే డ్రెయిన్‌లోకి వదిలే తలుపు లాంటిది అది. చిన్న ఇనుప రజను ఇరుక్కుంటే మూసుకోదు, తోసిన ఆయిల్ తోసినట్టే తిరిగి వెళ్లిపోతుంది.

ఇక ఏ శబ్దమూ లేకుండా, మట్టం బాగుండి, లైటు మాత్రం మినుకుమంటుంటే ఆ లైటును వెలిగించే ప్రెషర్ స్విచ్ పోయి ఉండొచ్చు. అంతర్వేది, యానాం వైపు ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. ఒక్కోసారి స్విచ్‌లోంచే ఆయిల్ ఊరి కనెక్టర్‌లోకి దిగుతుంది. కానీ స్విచ్ అని తేల్చాల్సింది చివర్లో. మొదటే స్విచ్ మీదికి నెట్టేసి నడపకండి.

గేజి పెట్టి కొలవడం

సందేహం తీరేది మెకానికల్ గేజితోనే. స్విచ్ విప్పి, ఆ మరకు సరిపోయే అడాప్టర్ పెట్టి గొట్టం గేజి బిగిస్తారు. మీ ఊళ్లో డీజిల్ పంపు పని చేసేవాళ్ల దగ్గర కూడా ఈ గేజి దొరకొచ్చు. మర సరిపోకుండా బలవంతంగా బిగించనివ్వకండి, బ్లాక్ మర పోతే పెద్ద ఖర్చు. గొట్టం సైలెన్సర్ పైపుకు తగలకుండా కట్టాలి, వేడి పైపు మీద ఆయిల్ పడితే మంట లేస్తుంది.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బిగించి స్టార్ట్ చేయండి. పది సెకన్లలో ముల్లు లేవకపోతే ఆపేయండి, ఆ రోజుకు ఇంకేం కొలవక్కర్లేదు. లేస్తే పూర్తిగా వేడెక్కనిచ్చి ఐడిలింగ్‌లో, 2000 దగ్గర, 3000 దగ్గర ఎంతెంత ఉందో రాసుకోండి. అంకెలు బాగుంటే స్విచ్, వైరింగ్ చూడండి. బాగోకపోతే ఫిల్టర్ విప్పండి.

ఫిల్టర్‌ను కట్టర్‌తో కోయించండి. హ్యాక్‌సా బ్లేడుతో కోస్తే దాని రజను లోపల పడి మిమ్మల్నే తికమక పెడుతుంది. లోపలి మడతల కాగితాన్ని పరిచి ఎండలో చూడండి. అయస్కాంతానికి అంటుకునేవి ఇనుము. అంటుకోకుండా రాగి రంగులో మెరిసే పొలుకులు కనిపిస్తే బేరింగ్ పై పొర పోయి లోపలి రాగి పొర బయటపడింది. అప్పుడు ఇంజిన్ విప్పడమే, ఇంకో దారి లేదు. పైన టకటకమనే ట్యాపెట్ శబ్దం ఆయిల్ అందగానే తగ్గొచ్చు. కింద నుంచి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు బరువుగా దంచినట్టు వచ్చే శబ్దం కాన్‌రాడ్ బేరింగ్‌ది. అది విన్నాక ఇంకోసారి స్టార్ట్ చేసి మరొకరికి వినిపించాలనుకోవద్దు.

చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందా?

ఇదే నన్ను ఎక్కువమంది అడుగుతారు. 30 గ్రేడు ఆయిల్ (5డబ్ల్యూ-30లో చివరి అంకె) బదులు 50 గ్రేడు పోస్తే గేజి ముల్లు లేస్తుంది, నిజమే. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు. 50 గ్రేడు 16.3 నుంచి మొదలవుతుంది. కానీ అరిగిన బేరింగ్ అలాగే ఉంటుంది. చిక్కటి ఆయిల్ సన్నటి దారుల్లోంచి శివారుకు చేరడం ఇంకా ఆలస్యమవుతుంది, ముఖ్యంగా పొద్దుటి స్టార్ట్‌లో. క్యామ్ టైమింగ్‌ను ఆయిల్‌తోనే తిప్పే కొత్త ఇంజిన్లు దీనికి ఎర్రర్లు కూడా చూపిస్తాయి. మన ఎండలకు 40 పోయొచ్చని మీ మాన్యువల్‌లో ఉంటే నిస్సంకోచంగా పోయండి. లేకపోతే వద్దు. కొన్ని ఇంజిన్లకు కంపెనీయే చిక్కటిది చెబుతుంది. బీఎండబ్ల్యూ ఎం3లో వచ్చిన 4 లీటర్ల వి8కు 10డబ్ల్యూ-60 చెప్పింది. అది ఆ ఇంజిన్‌కు కుదిరిన లెక్క, మీ ఇంజిన్‌కు వర్తించదు.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. అమ్మే ముందు చిక్కటి ఆయిల్ పోసి ప్రెషర్ బాగున్నట్టు చూపించడం ఉంది. కీ ఆన్ చేయగానే ఎర్రలైటు వెలగాలి, స్టార్ట్ అయిన రెండు సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోతే ఎవరో వైరు పీకారేమో చూడండి. అరగంట నడిపి, పూర్తి వేడిలో ఐడిలింగ్‌లో వదిలి మళ్లీ చూడండి. ఏ గ్రేడు పోశారో బిల్లు అడగండి.

బండిని తరలించడం, బాగయ్యాక

ఎర్రలైటు పడిన బండిని పూర్తిగా పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ మీదే పంపండి. ముందు చక్రాలు ఎత్తి లాగే బండి వద్దు, బంపర్ కూడా పోతుంది. ఎక్కించేటప్పుడు ర్యాంపు కోణం మరీ నిటారుగా ఉంటే కింద చెక్క పలకలు పెట్టమనండి. అక్కడే చాంబర్‌కు ఇంకో దెబ్బ తగులుతుంది.

బేరింగులు మార్చినా, పంపు మార్చినా, మొదటి స్టార్ట్‌కు ముందు ఫిల్టర్‌ను ఆయిల్‌తో తడిపించి, పెట్రోల్ సరఫరా ఆపి, గేజి ముల్లు లేచేదాకా స్టార్టర్ మాత్రమే విడతలు విడతలుగా తిప్పించండి. ఆ తర్వాతే ఇంజిన్ అందుకోనివ్వాలి. మొదటి 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టర్ మార్పించి, తీసిన ఫిల్టర్‌ను మళ్లీ కోసి చూడండి. ఆ రోజు వేడి ఇంజిన్ మీద ఐడిలింగ్, 2000, 3000 దగ్గర వచ్చిన అంకెలు, ఆయిల్ గ్రేడు, తేదీ ఒక కాగితం మీద రాసి మాన్యువల్‌లో పెట్టుకోండి. వచ్చే ఎండాకాలం మళ్లీ కొలిచినప్పుడు పోల్చుకోవడానికి అదే కావాలి.